సీసం జిగ్గుల మీద పూత నిలవాలంటే

ప్రశ్న: అన్నగారూ, నమస్తే. మాది విశాఖ. సెలవు దొరికితే యారాడ వైపు రాళ్ళ మీద నుంచి, లేదంటే భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట గాలం వేస్తుంటాను. కొన్న జిగ్గులు (గాలం కాడకు సీసపు తల పోసి, వెనక రబ్బరు తోక తగిలించే ఎరలు) రాళ్ళలో ఇరుక్కుని తెగిపోతుంటే ఆ ఖర్చు భరించలేక ఏడాదిగా ఇంట్లోనే సీసం కరిగించి 15, 20 గ్రాముల తలలు పోసుకుంటున్నాను. పోత బాగా వస్తోంది, రంగూ బాగానే పడుతోంది. పై పూతే నిలవడం లేదు. మా ఆవిడ దగ్గరున్న క్లియర్ నెయిల్ పాలిష్ వేస్తే రబ్బరు తోక తగిలినచోట జిగురైపోయింది. ఫైబర్ పడవలు బాగుచేసేవాళ్ళ దగ్గర రెసిన్ తెచ్చి వేశాను, త్వరగా ఆరుతుందని గట్టిపడే మందు కాస్త ఎక్కువే కలిపాను, అయినా వారం దాటినా చేతికి అంటుతోంది. తర్వాత సీసాన్ని ఇత్తడి చెంబులా చింతపండుతో తోమి, రంగు వేసి, రంగుల షాపువాళ్ళు ఇచ్చిన చెక్క వార్నిష్ కొట్టాను. రెండు ట్రిప్పులకే పెచ్చులు లేచాయి, ఫోటో పెడుతున్నాను. కార్ల పెయింటరు టూకే క్లియర్ (హార్డెనర్ కలిపి కొట్టే కార్ల పూత) కొట్టిస్తానంటున్నాడు. అమెరికాలో ఉన్న మా బావమరిది పౌడర్ పెయింట్ (వేడి లోహం మీద కరిగి అంటుకునే పొడి రంగు) తప్ప ఏదీ నిలవదంటున్నాడు. దేన్ని నమ్మమంటారు?

జవాబు: ఊడిన పెచ్చును వెనక్కి తిప్పి ఫోటో తీశారు చూడండి, సగం జవాబు అందులోనే ఉంది. పెచ్చు లోపలివైపు మీరు వేసిన ఎర్ర రంగు చెక్కుచెదరకుండా అంటుకుని ఉంది. దాని కింద బయటపడ్డ సీసం నున్నగా ఉంది, గాలం కాడ దగ్గర తెల్లటి పొడి కూడా కనిపిస్తోంది. అంటే వార్నిష్ రంగును వదల్లేదు, రంగే సీసాన్ని వదిలేసింది. ఆ తల మీద మీరు లోకంలోకెల్లా ఖరీదైన క్లియర్ వేసినా ఇలాగే ఊడేది. కాకపోతే ఇంకాస్త పెద్ద పెచ్చు లేచేది.

మీరున్న చోటికీ మీ వేటకీ నేను చెప్పేది నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ, అంటే రెసిన్ ఒక సీసాలో, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఇంకో సీసాలో వచ్చేది. పలచగా రెండు పొరలు వేసి, నీళ్ళలో దించడానికి వారం ఆగండి. వంటకు వాడని చిన్న ఓవెన్ ఒకటి విడిగా పెట్టుకోగలిగితే మీ బావమరిది చెప్పిన పౌడర్ ఇంకా గట్టిది. ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నా ముందు సీసం సంగతి చూడాలి.

పోత పోసేటప్పుడు సీసం అంటుకోకుండా అచ్చుకు కొవ్వొత్తి మసి పట్టిస్తాం. ఆ మసి కొంత తల మీదికి వచ్చేస్తుంది. దాని మీద రంగు వేస్తే రంగు అంటుకునేది మసికే. ఇక ఆ తెల్లటి పొడి సంగతి. సీసం తేమగాలిలో నాలుగు రోజులు ఊరికే ఉంటే పైన బూడిదరంగు పొర కడుతుంది. దానికి పులుపు తోడైతే తెల్లగా పూస్తుంది. ఇత్తడికి చింతపండు మంచిదే. సీసానికి మాత్రం చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ ఏవీ తగలనివ్వకండి. పులుపుతో కలిసిన సీసం విషపు లవణాలుగా మారుతుంది, అవి నీళ్ళతోపాటు చేతుల్లోకీ సింకులోకీ పోతాయి. చింతపండుతో తోమింది వంటింటి సింకులో అయితే ఆ గట్టంతా సబ్బుతో కడగండి, తోమిన పీచు పారేయండి.

దీనికి నేను చేసే పని తేలికే. పోసిన రోజో మర్నాడో, తలను 400 నంబరు వాటర్ పేపరుతో నీళ్ళలో ముంచి రుద్దుతాను. గీతలు పడితే చాలు, మెరవక్కర్లేదు. పొడిగా రుద్దితే సీసపు ధూళి లేచి ఊపిరిలోకి పోతుంది, అందుకే తడిగానే రుద్దాలి. ఆ నీళ్ళను సింకులోనో మొక్కల్లోనో పోయకుండా పాత సీసాలో పట్టి మూత పెట్టండి. తర్వాత సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. శానిటైజర్ పనికిరాదు. చేతులు ఎండిపోకుండా అందులో గ్లిజరిన్ కలుపుతారు, అది పొరలా మిగిలిపోతుంది. తుడిచాక తలను చేత్తో ముట్టుకోవద్దు, గాలం వంపు దగ్గర పట్టుకారుతో పట్టుకోండి.

ఇంత పట్టుబట్టడానికి కారణముంది. ఒకసారి పన్నెండు తలలకు ఒకేరోజు ఎపాక్సీ వేశాను. తెల్లారి చూస్తే ఎనిమిది అద్దంలా ఉన్నాయి, నాలుగింటి మీద మాత్రం ఆవగింజంత గుంటలు. గుంట చుట్టూ రెసిన్ గట్టు కట్టినట్టు పక్కకు జరిగిపోయింది, మధ్యలో రంగు బయటికి కనిపిస్తోంది. ఆ నాలుగూ నేను జుట్టుకు కొబ్బరినూనె రాసుకున్నాక ముట్టుకున్నవి. చేతులు కడుక్కున్నాను కూడా. కడిగిన చేతికి మిగిలిన ఆ పిసరు నూనె చాలు, ఎపాక్సీ ఆ చోటిని వదిలి పక్కకు పోవడానికి.

రంగు వేశాక కనీసం ఒక రాత్రి ఆరనివ్వండి. థిన్నరు వాసన ఇంకా వస్తుంటే మరో రోజు ఆగండి. ఆ వాసన మీద పూత వేసి మూసేస్తే లోపలి రంగు మెత్తగానే ఉండిపోతుంది, రాయి తగిలిన మొదటిసారే పై పూత గుడ్డు పెంకులా పగులుతుంది.

నెయిల్ పాలిష్ జిగురవడానికి కారణం రబ్బరు తోకే. మనం రబ్బరు అంటాం గానీ అది పీవీసీ. దాన్ని మెత్తగా ఉంచడానికి నూనెలాంటి ద్రవం దండిగా కలుపుతారు, పెట్టెలో తోకలు పట్టుకుంటే వేళ్ళకు జారుడుగా తగిలేది అదే. నెయిల్ పాలిష్‌లో ఉండే నైట్రోసెల్యులోజ్ ఆ ద్రవానికి ఆగదు, స్ప్రే డబ్బాల్లో వచ్చే మామూలు లాకరూ అంతే. మీ పెట్టెలో ఒక తోకను తిప్పి చూడండి. తలకు ఆనుకున్న అంచు మీద మీ ఎర్ర రంగు అచ్చుగుద్దినట్టు ఉంటుంది. పూర్తిగా గట్టిపడిన ఎపాక్సీ, ఓవెన్‌లో కాల్చిన పౌడరు, టూకే, ఈ మూడూ ఆ ద్రవానికి బాగా నిలబడతాయి. ఏ పూత వేసినా తోకలనూ తలలనూ ఒకే అరలో పెట్టకపోవడం మంచిది.

పడవల రెసిన్ దగ్గర మీకు తెలియకుండా రెండు పొరపాట్లు జరిగాయి. అది పాలియెస్టర్, ఎపాక్సీ కాదు. పడవకు ఒక పొర ఫైబర్ మ్యాట్ వేశాక దాని మీద ఇంకో పొర అంటుకోవాలి కాబట్టి, గాలి తగిలే పైభాగం కాస్త జిగురుగా మిగిలే రకమే వాళ్ళు వాడతారు. వాళ్ళ పనికి ఆ జిగురే కావాలి. మీ జిగ్గు ఇంకో నెల ఆగినా ఆ జిగురు పోదు. పైగా ఆ రెసిన్ ఆరేటప్పుడు బాగా కుంచించుకుంటుంది, సీసాన్ని గట్టిగా పట్టదు. రెండోది, గట్టిపడే మందు ఎక్కువ కలపడం. పాలియెస్టర్‌కు క్యాటలిస్ట్ నూటికి ఒకటి రెండు పాళ్ళే పడుతుంది. పడవల దగ్గర ఎండను బట్టి చుక్కలు ఎక్కువా తక్కువా చేస్తారు, అక్కడ అది చెల్లుతుంది. ఆ అలవాటు ఎపాక్సీకి తేవద్దు. ఎపాక్సీలో హార్డెనర్ కూడా పూతలో భాగమే. రెసిన్ ఇంత ఉంటే హార్డెనర్ ఇంతే పట్టుకోగలదు, మిగిలింది ఎక్కడా కలవకుండా జిడ్డుగా ఉండిపోతుంది. త్వరగా ఆరాలని ఎక్కువ పోస్తే ఎప్పటికీ ఆరదు.

ఇక ఎపాక్సీ ఎంపిక. చిన్న ట్యూబుల్లో అయిదు నిమిషాల్లో గట్టిపడేది కొనకండి. బ్రష్ ముంచి మూడో తలకు వచ్చేసరికే తీగలు సాగుతుంది, నీళ్ళను ఎక్కువ పీలుస్తుంది, త్వరగా పసుపెక్కుతుంది. విరిగిన కప్పులు అతికించే నిదానపు రకం గట్టిదే, కానీ తేనె రంగులో ఆరుతుంది. ముదురు ఎరుపు మీద పర్లేదు, తెలుపు, ముత్యం రంగుల మీద బాగుండదు. గాలపు కర్రలకు రింగులు కట్టాక దారం మీద పూసే రాడ్ ఫినిష్ ఎపాక్సీ దొరికితే అదే కొనండి. గట్టిపడ్డాక కూడా దానికి కొంచెం వంగే గుణం ఉంటుంది, రాయి తగిలినప్పుడు పగలకుండా కాపాడేది అదే. అది దొరక్కపోతే ఇప్పుడు రెసిన్ ఆర్ట్ చేసేవాళ్ళు వాడే క్లియర్ కోటింగ్ ఎపాక్సీ తీసుకోండి. అందులో లోతైన అచ్చుల్లో పోసే పలచటి రకం వేరు, పైన పూసే చిక్కటి రకం వేరు. మీకు కావలసింది చిక్కటిది, కలిపాక అరగంటైనా పనిచేసేది. ఎండకు పసుపెక్కకుండా యూవీ మందు కలిపినదైతే ఇంకా మంచిది.

పాళ్ళు సీసా మీద రాసినట్టే కొలవండి. కొన్ని సమానం, కొన్ని రెండుకొకటి, కొన్ని మూడుకొకటి. కొలత మిల్లీలీటర్లలో చెప్పాడా గ్రాముల్లో చెప్పాడా చూసుకోండి, ఆ రెండూ ఒకటి కావు. ఆరు తలలకు రెండు మూడు మిల్లీలీటర్లు చాలు. అంత తక్కువలో కంటి అంచనా తప్పుతుంది, కాబట్టి సూది లేని రెండు సిరంజిలు పెట్టుకోండి. దేని సిరంజి దానికే, పేరు రాసి ఉంచండి. రెండు నిమిషాలు నిదానంగా, గిన్నె అంచులు గీరుతూ కలపాలి. వేగంగా గిలకొడితే బుడగలు నిండుతాయి. కలిపాక గిన్నెలో ఉంచకుండా అల్యూమినియం ఫాయిల్ మీద పలచగా పరవండి. గిన్నెలో కుప్పగా ఉంటే దాని వేడికి అదే ఉడికి ముందే గట్టిపడుతుంది. పరిచినది చల్లగా ఉండి ఎక్కువసేపు పనికొస్తుంది, బుడగలు కూడా వాటంతటవే పగిలిపోతాయి.

మెత్తటి బ్రష్‌తో పలచగా పూయండి. సీసం ముగిసి గాలం కాడ మొదలయ్యే చోటు, రింగు మొదలు, ఈ రెండూ ఎప్పుడూ మరిచిపోతాం, ఉప్పునీరు లోపలికి దూరేది అక్కడే. అక్కడ ఒక వెంట్రుకవాసి ముందుకు పోయి లోహం మీద కూడా పూయాలి. లైన్ కట్టే రింగులో నిండిన రెసిన్‌ను అప్పుడే పుల్లతో తీసేయండి, తెల్లారాక అయితే సూది కాల్చి గుచ్చాలి. బుడగలు మిగిలితే హెయిర్ డ్రయ్యర్ వేడి గాలి రెండు సెకన్లు తగిలించండి.

తర్వాత తిప్పుతూ ఉండాలి, లేకపోతే పూతంతా కిందికి జారి గడ్డం కడుతుంది. కొందరు మైక్రోవేవ్ పళ్ళెం తిప్పే మోటారుకు థర్మోకోల్ దిమ్మ బిగించి గాలాలు గుచ్చుతారు, నిమిషానికి అయిదారు చుట్లు తిరుగుతుంది, ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. అది కరెంటు పని కాబట్టి తెలిసినవాళ్ళ చేత వైరింగ్ చేయించుకోండి. మోటారు లేకుండా కూడా అవుతుంది. దండేనికి బట్టల క్లిప్పులతో వేలాడదీసి, మొదటి గంట రెండు మూడు నిమిషాలకోసారి తలకిందులు చేయడమే. ఆరు తలలైతే ఒక మనిషి చూసుకోగలడు, ఇరవై అయితే కష్టం.

విశాఖలో అసలు శత్రువు ఉక్కపోత. గాలిలో తేమ ఎక్కువ ఉన్న రోజు ఎపాక్సీ పైన మైనం రాసినట్టు పల్చటి జిడ్డు తేలుతుంది. హార్డెనర్‌లోని అమైన్ గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి అలా అవుతుంది. దాని మీదే రెండో పొర వేస్తే రెండు పొరల మధ్య అతుకు ఉండదు. ఆ జిడ్డు గోరువెచ్చటి నీళ్ళకూ సబ్బుకూ పోతుంది. కడిగి, ఆరబెట్టి, వాటర్ పేపరుతో మెరుపు పోయేదాకా తేలిగ్గా రుద్ది, అప్పుడు రెండో పొర వేయండి. వాన ముసురులో ఈ పని పెట్టుకోవద్దు. ఏసీ గది ఉంటే అక్కడ వేసి అక్కడే ఆరనివ్వండి.

మర్నాటికి గోటికి గట్టిగానే తగులుతుంది. అక్కడే తొందరపడతాం. లోపల గట్టిపడటం ఇంకా సాగుతూనే ఉంటుంది, మన వేడికి కూడా దాదాపు వారం పడుతుంది. మూడో రోజే ఉప్పునీళ్ళలో దించితే పాలు కలిసినట్టు తెల్లబడుతుంది. ఇంకోటి, ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీదా బండి డిక్కీలోనూ జిగ్గులు వదిలేయకండి. గట్టిపడిన ఎపాక్సీ కూడా ఆ వేడికి మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటుంది.

కార్ల పెయింటరు చెప్పిన టూకే నిజంగానే గట్టి పూత. ఆయన షెడ్డులో, ఆయన చేత, వేరే కారు మీద కొట్టేటప్పుడు మీ తలలు కూడా తీగకు వేలాడదీసి కొట్టించుకోండి, అభ్యంతరం లేదు. డబ్బా ఇంటికి తెచ్చి మీరు మాత్రం కొట్టవద్దు. దాని హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. ఆ తుంపర పీల్చితే ఉబ్బసం రావచ్చు, ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత కొంచెం తగిలినా ఊపిరి ఆడదు. దుమ్ముకు పెట్టుకునే మాస్కులు దానికి చాలవు. గాలి తేమతో గట్టిపడే యురేథేన్‌లో ముంచి ఆరబెట్టే పద్ధతి విదేశాల్లో ఎక్కువ. మన తీరంలో మూత తీసిన ప్రతిసారీ తేమ లోపలికి పోయి డబ్బాలోనే గడ్డకడుతుంది, వద్దు. చెక్క వార్నిష్ చెక్క ఎరలకే ఉంచుకోండి.

పౌడర్ గట్టిదన్న మీ బావమరిది మాట నిజం. తలను హీట్ గన్‌తో వేడిచేసి, గుల్లగా కదిపిన పొడిలో ఒక్క సెకను ముంచి తీస్తే పొడి కరిగి అంటుకుంటుంది. చాలామంది అక్కడితో ఆపేసి, ఊడిపోయిందంటారు. దాన్ని ఓవెన్‌లో 175 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర పదిహేను ఇరవై నిమిషాలు కాల్చాలి, అప్పుడే దానికి బలం. సీసం కరిగేది 327 డిగ్రీల దగ్గర కాబట్టి తల కరగదు. పౌడర్ మంచిదైతే పైన క్లియర్ అక్కర్లేదు, తలకు అతికించిన బొమ్మ కళ్ళు ఊడకుండా ఎపాక్సీ చుక్క వేస్తే చాలు. ఆ కళ్ళూ రబ్బరు కుచ్చూ కాల్చాకే పెట్టాలి. పొడి డబ్బాను గాలి చొరకుండా మూయకపోతే మన తేమకు ఉండకడుతుంది. రొట్టె కాల్చుకునే ఓవెన్‌లో సీసం పెట్టవద్దు, ఒకసారి పెట్టినది మళ్ళీ వంటింట్లోకి తేవద్దు.

సీసం మానేసి వేరే లోహంతో పోద్దామనుకుంటే అది మంచి ఆలోచనే. హంసలు మింగి చనిపోతున్నాయని బ్రిటన్‌లో గాలపు దారానికి కట్టే, 28.35 గ్రాముల దాకా ఉండే సీసపు గుండ్ల అమ్మకాన్ని 1987లోనే ఆపేశారు. అయితే బిస్మత్, తగరం కలిపిన మిశ్రమం కొన్ని పాళ్ళలో 138 డిగ్రీలకే కరుగుతుంది. దాన్ని పౌడర్ ఓవెన్‌లో పెడితే గాలం మాత్రం మిగులుతుంది. దానికి ఎపాక్సీయే దారి.

అతినీలలోహిత కాంతికి గట్టిపడే యూవీ రెసిన్ గురించి మీరు అడగలేదు గానీ, పెట్టెలో ఒక చిన్న ట్యూబు ఉంచుకోండి. రాయి తగిలి గీరుకున్న చోట చుక్క వేసి యూవీ లైటుకో ఎండకో పెడితే నిమిషాల్లో గట్టిపడుతుంది. పైన మిగిలే జిగురు ఆల్కహాల్‌తో తుడిస్తే పోతుంది. తలంతా దానితో కప్పితే పెళుసుగా ఉండి పగులుతుంది. మెరుపు పొడి ఎక్కువ కలిపితే కాంతి లోపలికి పోక అడుగు పచ్చిగా ఉంటుంది.

ఎంత బాగా చేసినా యారాడ రాళ్ళకు గీసుకుంటే ఏ పూతైనా చెక్కు లేస్తుంది, వంజరం పళ్ళకు గాట్లు పడతాయి. మంచి పూతను గుర్తుపట్టేది అప్పుడే. దెబ్బ తగిలినంత మేరే పోయి, అంచులు గోటికి లేవకుండా ఉంటే మీ పని సరిగ్గా జరిగినట్టు. అంచు గోటికి లేస్తే కింద సీసం దగ్గర మళ్ళీ ఏదో తప్పు జరిగింది. ఈసారి ఆరు తలలు చేస్తే అందులో రెండు పరీక్షకు వదిలేయండి. వారం ఆగాక ఒకదాన్ని రబ్బరు తోకతో కలిపి మూసిన కవర్లో కిటికీ దగ్గర ఇంకో వారం ఉంచండి. రెండోదాన్ని రాత్రంతా ఉప్పునీళ్ళలో నానబెట్టి, పొద్దున నడుమెత్తు నుంచి గచ్చు మీద పదిసార్లు వదలండి.

ఇంట్లో పిల్లలుంటే మరొక్క మాట. సీసం కరిగించడం ఆరుబయటే చేయండి, అచ్చును ముందే వేడిచేసి తడి లేకుండా చూసుకోండి, ఒక్క నీటిబొట్టున్నా కరిగిన సీసం ముఖం మీదికి చిమ్ముతుంది. పిల్లల ఒంట్లోకి పోతే ఇంతవరకు ఫర్వాలేదు అనే మోతాదు సీసానికి లేదు. పని అయ్యాక ఆ బట్టలు విడిగా ఉతికి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డనెత్తుకోండి. గుండును పంటితో నొక్కే అలవాటుంటే ఈ రోజే మానేయండి.

పరీక్షకు వదిలిన రెండు తలల ఫోటోలు పంపండి. పెచ్చు లేస్తే మొన్నటిలాగే వెనక్కి తిప్పి తీయండి.